పిస్టన్ చెప్పే సాక్ష్యం

టూ స్ట్రోక్ ఇంజను సీజ్ అయినప్పుడు కొత్త పిస్టన్ వేసి, సిలిండరు బోరు చేయించి, మళ్ళీ బిగించి ఇచ్చేయడాన్ని మరమ్మతు అనడానికి నాకు మనసొప్పదు. అది శవాన్ని సాగనంపి, హంతకుణ్ణి ఇంట్లోనే ఉంచుకుని తలుపులు వేసుకోవడం వంటిది. పోలిక కటువుగా తోస్తే క్షమించండి. ఒకే ఇంజను, ఒకే సిలిండరు, ఒకే విధంగా రెండుమార్లు ప్రాణం విడవడం చూసిన తరువాత నాకు ఇంతకన్నా మెత్తని మాట దొరకలేదు.

నేను మాట్లాడుతున్నది యమహా బాన్షీ అనే బండి గురించి. నాలుగు లావుపాటి చక్రాలు, మోటారు సైకిలుకు ఉన్నట్టే హ్యాండిలు, ఒక్కరు కూర్చునే సీటు. ఇసుకలోనూ మట్టిదారుల్లోనూ పరుగెత్తడానికి తప్ప మరెందుకూ పనికిరాని స్పోర్ట్ క్వాడ్. అమెరికాలో 1987 మోడలు నుంచి 2006 మోడలు దాకా అమ్మారు. బాన్షీ అంటే ఐరిష్ జానపద కథల్లో రాబోయే చావును ముందుగా తెలుపుతూ రోదించే స్త్రీ రూపం. పేరు పెట్టినవారి మనసులో ఆ రెండు సైలెన్సర్ల అరుపు మాత్రమే ఉండి ఉంటుంది గానీ, ఇంజను విప్పినవారికి ఆ పేరులో రెండో అర్థం కూడా వినిపిస్తుంది.

ఈ ఇంజనుతో మనకు దూరపు చుట్టరికం ఉంది. 347 సీసీ, పక్కపక్కన రెండు సిలిండర్లు, 64 మిల్లీమీటర్ల బోరు, 54 మిల్లీమీటర్ల స్ట్రోకు. సరిగ్గా ఇవే కొలతలు 1980లలో ఎస్కార్ట్స్ వారు మన దేశంలో తయారుచేసిన రాజ్‌దూత్ 350కీ ఉండేవి. అది గాలికి చల్లబడేది, ఇది నీటితో చల్లబడేది. రెండూ యమహా ఆర్‌డీ వంశంలోవే. అప్పట్లో రాజ్‌దూత్ 350 వీధి మలుపు తిరగకముందే ఫలానావారి అబ్బాయి వస్తున్నాడని ఊరంతటికీ తెలిసిపోయేది. ఆ శబ్దం చెవిలో మిగిలిపోయినవారికి అరిజోనాలో ఎవరి గరాజు నుంచో బాన్షీ కూత వినిపిస్తే కాళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. నా సంగతీ అంతే. దాని ఆకర్షణ నాకు తెలియనిదేమీ కాదని మనవి చేసుకోవడానికే ఇదంతా.

ఇక అసలు విషయం. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు కేసు నూనె నిలవ ఉండే అడుగు గది. టూ స్ట్రోక్‌లో అదే ఊపిరితిత్తి. పిస్టన్ పైకి వెళ్ళినప్పుడు కార్బొరేటర్ నుంచి గాలీ పెట్రోలూ కలిసి క్రాంకు కేసులోకి వస్తాయి; పిస్టన్ కిందికి దిగినప్పుడు అవి నొక్కుకుపోయి పోర్టుల గుండా పైకి ఎగబాకుతాయి. పైగా బాన్షీకి వేరే ఆయిల్ పంపు లేదు. పెట్రోలులో కలిపిన నూనే క్రాంకు బేరింగులకూ, పిస్టన్‌కూ, సిలిండరు గోడకూ దిక్కు. కనుక ఆ గదికి ఎక్కడ సన్నని చిల్లు పడినా, కార్బొరేటర్ లెక్కలో లేని గాలి లోపలికి వస్తుంది, మిశ్రమం పల్చబడుతుంది. మిశ్రమం పల్చబడితే మంట వేడి పెరుగుతుంది, చల్లబరిచే పెట్రోలు తగ్గుతుంది, దానితోపాటు వచ్చే నూనే తగ్గుతుంది. మూడు ఆపదలూ ఒక్క చిల్లులోంచే ప్రవేశిస్తాయి.

ఫీనిక్స్ దగ్గర ఉండే ఒక తెలుగు కుర్రవాడు ఎవరి దగ్గరో వాడిన బాన్షీ కొన్నాడు. కొనేనాటికే దానికి రేసు పైపులు, బయటికి కనబడే ఎయిర్ ఫిల్టర్లు తగిలించి ఉన్నాయి. మొదటి సీజను మధ్యలో ఎడమ సిలిండరు సీజ్ అయింది. ఒక షాపువారు రెండు సిలిండర్లూ బోరు చేసి, పై సైజు పిస్టన్లు వేసి, కార్బొరేటర్లలో మెయిన్ జెట్లు కాస్త పెద్దవి పెట్టి ఇచ్చారు. బిల్లు అతని నెల ఇంటి అద్దెకు దగ్గరగా వచ్చింది. నాలుగో షికారులో మళ్ళీ ఎడమ సిలిండరే పోయింది. అప్పుడు ఎవరో చెప్పగా నా దగ్గరికి తెచ్చాడు.

"పాత పిస్టన్ ఉందా?" అని అడిగాను.

"షాపువాళ్ళు పడేశారు అంకుల్. దాంతో పనేముంది?"

ఉన్న పనంతా దాంతోనే. సీజ్ అయిన పిస్టన్‌ను చెత్తబుట్టలో వేయడమంటే పంచనామా చేయకుండా దహనం చేయడమే. పిస్టన్ మీద గీతలు ఎక్కడ పడ్డాయో చూస్తే నేరం ఎలా జరిగిందో చాలామటుకు తెలుస్తుంది. చుట్టూ నాలుగు చోట్ల సమదూరంలో నిలువు గీతలు ఉంటే, ఇంజను వేడెక్కకముందే పూర్తిగా యాక్సిలరేటర్ ఇచ్చారని సాధారణంగా అర్థం: అల్యూమినియం పిస్టన్ గబగబా వ్యాకోచించింది, దాన్ని చుట్టుకున్న ఇనుప స్లీవు ఇంకా చల్లగానే ఉంది, మధ్యనున్న ఖాళీ అయిపోయింది. ఆ ఖాళీ మొదటినుంచీ మిల్లీమీటరులో వందో వంతులు ఓ ఆరు మాత్రమే. గీతలు ఎగ్జాస్టు వైపు మాత్రమే ఉంటే మితిమీరిన వేడి, పల్చటి మిశ్రమం. గాలి వచ్చే వైపు అడుగున బూడిదరంగు అరుగుడు, ఇసుక కాగితంతో రుద్దినట్టుంటే, ఫిల్టరు దాటి దుమ్ము లోపలికి వచ్చింది. ఇసుక దిబ్బల్లో తిరిగే బండ్లకు ఇది తరచుగా వచ్చే జబ్బు. పిస్టన్ నెత్తిమీద అంచుల్లో చీమలు కొరికినట్టు గుంటలుంటే డిటొనేషన్: కంప్రెషన్‌కు తగని పెట్రోలు, లేదా టైమింగ్ ఎక్కువ ముందుకు జరపడం. నడినెత్తిన కరిగి చిల్లు పడితే నిప్పు రవ్వకు ముందే మంట అంటుకుంటున్నదన్నమాట. ఇన్నిటికీ చికిత్స వేరు. అన్నిటికీ షాపు వేసేది మాత్రం ఒకే కొత్త పిస్టన్.

పోయిన పిస్టన్ ఎలాగూ పోయింది. రెండోది మా ముందు ఉంది. ఎడమది ఎగ్జాస్టు వైపు గీసుకుపోయి, రింగు గాడిలోనే అతుక్కుపోయి ఉంది. కుడిది మచ్చ లేకుండా ఉంది. నెత్తిమీద గోధుమరంగు మసి, పోర్టులకు ఎదురుగా పెట్రోలు కడిగిన శుభ్రమైన అర్ధచంద్రాకారాలు, అన్నీ సలక్షణంగా ఉన్నాయి. ఒకే పెట్రోలు, ఒకే నూనె, ఒకే సైజు జెట్లు, ఒకే చెయ్యి. ఒకటి బతికి ఇంకొకటి చచ్చిందంటే దోషం ఉమ్మడిది కాదు, ఎడమ పక్కనే ఉంది. కార్బొరేటర్ విప్పి చూశాను. జెట్టులో అడ్డమేమీ లేదు.

అప్పుడు నేను అడిగిన ప్రశ్న మరొకటుంది: యాక్సిలరేటర్ వదిలితే ఇంజను వెంటనే దిగుతుందా, కాసేపు పైనే వేలాడుతుందా? వేలాడుతున్నదని తానే గమనించాడట, షాపులోనూ చెప్పాడట. వారు ఐడిల్ స్క్రూ కొద్దిగా తిప్పి పంపారు. ఇంకొక సంగతి కూడా అతని మాటల్లో దొరికింది. రెండుసార్లూ ఇంజను పట్టేసింది దిబ్బ ఎక్కేటప్పుడు కాదు, పొడవాటి దిబ్బ దిగేటప్పుడు.

తెలియనివారికి ఇది వింతగా ఉంటుంది. కష్టపడేది ఎక్కేటప్పుడు కదా, పోయేది దిగేటప్పుడేమిటి? దిగేటప్పుడు గేరులోనే ఉండి యాక్సిలరేటర్ మూసేస్తాం. చక్రాలు ఇంజనును వేగంగా తిప్పుతూనే ఉంటాయి. కార్బొరేటర్ నోరు మాత్రం మూసుకుని ఉంటుంది. పెట్రోలు బొట్టు బొట్టుగా వస్తుంది, నూనే అంతే. క్రాంకు కేసులో పీల్పు మాత్రం ఉద్ధృతంగా ఉంటుంది. ఆ పీల్పుకు కార్బొరేటర్ దారి ఇవ్వకపోతే, చిల్లు ఇస్తుంది. షాపువారు పెద్దది చేసిన మెయిన్ జెట్టు పనిచేసేది ముప్పాతిక యాక్సిలరేటర్ దాటిన తరువాత. మూసి ఉన్నప్పుడు దానికి ఏ అధికారమూ లేదు. అంటే రోగం ఒక ఊళ్ళో ఉంటే మందు ఇంకొక ఊళ్ళో పంచారు.

మిగిలింది పరీక్ష. ఎగ్జాస్టు నోళ్ళు, కార్బొరేటర్ తగిలే నోళ్ళు రబ్బరు బిరడాలతో మూసి, లోపలికి గాలి కొట్టి 6 పీయస్సై దగ్గర ఆపి, గడియారం చూస్తూ కూర్చోవడం. ఆరు నిమిషాలు నిలిస్తే ఇంజను బిగుతుగా ఉన్నట్టు. నిమిషానికి ఒక పీయస్సై కన్నా వేగంగా పడిపోతే ఎక్కడో కారుతున్నది. సీజ్ అయిన ఎడమ పిస్టన్ బయటికి వచ్చేసింది కనుక, సిలిండరు లేత్ షాపు నుంచి తిరిగొచ్చి కొత్తది బిగించాక ఈ పరీక్ష పెట్టాం, బండిని ఇంకా స్టార్టు చేయకముందే. ముల్లు కళ్ళముందే దిగజారిపోయింది. ఎడమ మూత తీసి, మాగ్నెట్ లాగి, దాని వెనకనున్న ఆయిల్ సీలు మీద సబ్బునీళ్ళు చల్లితే పాలు పొంగినట్టు బుడగలు లేచాయి. గట్టిపడి పెదవి చిట్లిన రబ్బరు ఉంగరం. కొన్ని డాలర్ల వస్తువు. రెండు బోరింగులు, మూడు పిస్టన్లు, రెండు సీజన్లు దాని ఖాతాలోవి.

ఇక్కడ షాపువారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. పిస్టన్‌కు ధర ఉంది, బోరింగుకు ధర ఉంది. "మీ ఇంజనుకు ఏమీ చేయలేదు, గంటసేపు చూశాను" అనేదానికి బిల్లు వేస్తే ఇచ్చే వినియోగదారులు ఎందరు? చేతిలో పెట్టగలిగిన వస్తువుకే డబ్బిస్తాం, ఆలోచనకు ఇవ్వం. ఈ విషయంలో ఫీనిక్స్‌కూ ఫిరంగిపురానికీ తేడా లేదు. అయినా, సీలు మార్చకపోవడం వేరు, సీలు బాగుందా అని చూడకపోవడం వేరు. అదే సిలిండరు రెండోసారి పోయినా మళ్ళీ బోరు చేద్దామని సిద్ధపడటాన్ని మాత్రం నేను సమర్థించలేను.

ఎందుకంటే ఇది డబ్బుతో పోయే సంగతి కాదు. బాన్షీ వెనక ఇరుసు ఒకటే కడ్డీ, చెయిను దాన్నే తిప్పుతుంది, మధ్యలో డిఫరెన్షియల్ లేదు. వేగంలో ఉండగా ఇంజను పట్టేస్తే వెనక రెండు చక్రాలూ ఒకేసారి బిగుసుకుపోతాయి. క్లచ్ పట్టడానికి అరక్షణం ఉంటుంది, ఉంటే. కాలిఫోర్నియా ఆగ్నేయ మూలనున్న గ్లామిస్ ఇసుక దిబ్బలు నలభై మైళ్ళకు పైగా పొడవున పరుచుకుని ఉంటాయి. ప్రతి బండికీ పొడవాటి కడ్డీ మీద జెండా ఉండాలన్న నియమం అక్కడ ఎందుకుందో దిబ్బ శిఖరం మీద ఒక్కసారి నిలబడితే అర్థమవుతుంది. అవతలి పక్క నుంచి ఎవరు వస్తున్నారో ఇవతలి పక్కకు కనబడదు. దిగుతూ దిగుతూ చక్రాలు బిగిసిన బండి అడ్డం తిరిగి శిఖరం కింద నిలిచిపోతే, వెనక వచ్చేవాడికి అది కనబడేది శిఖరం దాటిన తరువాతే. ఆ కుర్రవాడు రెండుసార్లూ బతికి బయటపడ్డాడు. మూడోసారికి మూడో పిస్టన్ వేసి పంపడం ఎవరి మనస్సాక్షికి సమ్మతం?

ట్యూనింగు మీద నాకు వైరం లేదని కూడా చెప్పుకోవాలి. టూ స్ట్రోక్ ట్యూనింగు గొప్ప విద్య. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కర్మాగారంలో వాల్టర్ కాడెన్ 1950లలో ఎగ్జాస్టు పైపులో శబ్ద తరంగాలు ఎలా వెళ్ళి ఎలా తిరిగివస్తాయో గమనించి, పైపు ఆకారం మార్చి, బయటికి జారిపోతున్న మిశ్రమాన్ని ఆ తరంగంతోనే వెనక్కి నెట్టించాడు. ఆయన దగ్గర రేసులు నడిపిన ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ పోటీ సమయంలో దేశం విడిచి సుజుకీలో చేరి, మరుసటి ఏడు 50 సీసీ ప్రపంచ విజేత అయ్యాడు. బాన్షీకి తగిలించే ఉబ్బెత్తు పైపులన్నీ ఆ విద్యకు వారసులే. కదిలే భాగం ఒక్కటీ లేకుండా వట్టి రేకు గొట్టం ఇంజను బలాన్ని పెంచడం చూస్తే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

నా అభ్యంతరం వరుస మీద. పైపు మారిస్తే ఇంజను మరింత గాలి పీలుస్తుంది, మరింత పెట్రోలు కావాలి. ఫ్యాక్టరీ ఇచ్చిన 200 నంబరు మెయిన్ జెట్టు దానికి చాలదు. పైపు కొన్న రోజునే జెట్లు కొననివాడు పిస్టన్ కోసం కూడా డబ్బు పక్కన పెట్టుకోవాలి. జెట్టు సైజు కూడా ఒకసారి తేల్చి మరచిపోయేది కాదు. అక్టోబరు మధ్యాహ్నం సరిపోయినది జనవరి తెల్లవారుజామున సరిపోదు. చల్లగాలి చిక్కన, అందులో ప్రాణవాయువు ఎక్కువ. కొండమీద సరిపెట్టుకున్న జెట్లతో సముద్రమట్టానికి దగ్గరున్న గ్లామిస్‌కు దిగివస్తే మిశ్రమం పల్చబడుతుంది. ఇవన్నీ చూసుకోవాలి. కొత్త ప్లగ్గు పెట్టి, పూర్తి యాక్సిలరేటర్ మీద పరుగెత్తించి, ఒక్కసారిగా ఇంజను ఆపి క్లచ్ పట్టి, ప్లగ్గు పింగాణీ అడుగున మసి వలయం చూసి జెట్టు నిర్ణయించే పాత పద్ధతి ఇప్పటికీ పనికివస్తుంది. కానీ కారుతున్న ఇంజను మీద ఈ కసరత్తంతా వృథా. చిల్లుకుండలో నీళ్ళు కొలవడమే. ప్లగ్గు ఒక పూట ఒక రంగు చెబుతుంది, మరో పూట మరో రంగు. మనం జెట్లు మారుస్తూ ఉంటాం, చిల్లు పెద్దదవుతూ ఉంటుంది.

నూనె విషయంలో ఒక అపోహ ఉంది. ఇది మన ఊళ్ళ నుంచి ఇక్కడిదాకా ఒకేలా ఉండటం విశేషం. ఆర్ఎక్స్ 100 సీజ్ అయితే "టూటీ ఆయిల్ ఇంకో మూత ఎక్కువ పొయ్యండి" అని చెప్పని మెకానిక్కు అరుదు. (ఆ బండి 1996లో ఆగిపోయినా, దాన్ని బాగుచేయించుకుని తిరిగే కుర్రాళ్ళు తగ్గలేదు, ఈ సలహా అందుకే ఇంకా బతికుంది.) నూనె పెంచితే జిగురు పెరుగుతుంది, నిజమే. కానీ జెట్టు రంధ్రం పెద్దది కాలేదు. దానిగుండా వెళ్ళే ద్రవంలో నూనె పాలు పెరిగితే పెట్రోలు పాలు తగ్గుతుంది. 32 పాళ్ళకు ఒకటి కలిపేవాడు 24 పాళ్ళకు ఒకటి కలిపితే, లీటరుకు 31 మిల్లీలీటర్లు పోసేచోట 42 పోసినట్టు. ఆ మేరకు మిశ్రమం పల్చబడుతుంది. చిల్లువల్ల పల్చబడ్డ ఇంజనుకు మందు పేరిట ఇంకొంచెం పల్చదనమే ఇస్తున్నామన్నమాట. ఏదో ఒక పాలు ఎంచుకుని, దాన్ని మార్చకుండా, దానికి తగ్గట్టు జెట్టు పెట్టుకోవడమే మార్గం.

మన మెకానిక్కుల చెవి మీద నాకు గౌరవం ఉంది. శబ్దం విని ఏ బేరింగు పోయిందో చెప్పేవారిని చూశాను. కానీ సీలు కారడం చెవికి వినబడదు. వినబడే నాటికి సీలు పని అయిపోయి పిస్టన్ పని మొదలై ఉంటుంది. అందుకే ఇక్కడ అనుభవం కన్నా కొలతనే నమ్మమంటాను. ముప్పై ఏళ్ళ చెయ్యి తిరిగినవాడి మాటకూ, ఆరు నిమిషాలు కదలని ముల్లుకూ మధ్య ఎంచుకోవలసివస్తే నేను ముల్లు వైపే ఉంటాను.

ఆ పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. పైపుల సామాను కొట్లో దొరికే రబ్బరు బిరడాలు, సైకిలు పంపు, సన్నని గొట్టం, ఒక మీటరు. మీటరు మాత్రం 15 పీయస్సై వరకు చూపేదే తీసుకోవాలి. టైర్లకు వాడే పెద్ద మీటరులో ఒక పీయస్సై పడిపోయినా కంటికి ఆనదు. కంప్రెసరు తగిలించవద్దు, మంచి సీళ్ళు కూడా ఊడివస్తాయి. సబ్బునీళ్ళు కార్బొరేటర్ బూట్ల దగ్గర, సిలిండరు అడుగు గాస్కెట్టు చుట్టూ, రెండు క్రాంకు కేసులు కలిసే గీత పొడవునా, చివరగా మాగ్నెట్ వెనక చల్లాలి. బయట ఎక్కడా బుడగ లేకుండా ముల్లు దిగుతూ ఉంటే, క్లచ్ వైపు సీలు లోపలికి, అంటే గేరుబాక్సులోకి కారుతూ ఉండవచ్చు. గేరు ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద సబ్బు పొర పరిస్తే అది ఉబ్బి చెబుతుంది. (తెల్లటి పొగ ఎక్కువై, గేరు ఆయిల్ కారణం లేకుండా తగ్గుతున్న బండిలో మొదట చూడవలసింది ఇదే.) అక్కడా ఏమీ లేకపోతే రేడియేటర్ మూత తీసి నీళ్ళలోకి చూడండి. అందులో బుడగలు లేస్తుంటే హెడ్డు విప్పాలి.